వేట లేని రోజుల్లో బండి బడి

ముక్కు మీద కోపం ఉన్న మనిషి ఎదుటివాళ్ళకు ఏదైనా నేర్పగలదా? నేర్పగలదు, నన్ను చూడండి. కాకపోతే ముందు గొంతు పోతుంది. నేను ఆడవాళ్ళకు స్కూటర్ నేర్పడం మొదలుపెట్టిన వారానికే నా గొంతు పూర్తిగా మూగబోయింది. ఆ వారాన్ని మా ఆయన ఇప్పటికీ పండగలా తలుచుకుంటాడు.

అంతకు ముందు నేను రొయ్యల ప్లాంటులో పనిచేసేదాన్ని. మా పాళెం తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంటుంది. మగవాళ్ళు వేటకు పోతారు, పెద్దవయసు ఆడవాళ్ళు చేపలు గంపకెత్తుకుని చుట్టుపక్కల వరి ఊళ్ళలో అమ్ముకొస్తారు. నా ఈడువాళ్ళం మాత్రం పొద్దున్నే రోడ్డు మీదకొచ్చే ప్లాంటు బస్సెక్కి రొయ్యల తలలు తీయడానికి పోయేవాళ్ళం. తలకు టోపీ, కాళ్ళకు రబ్బరు బూట్లు, ఎదురుగా ఐసు నీళ్ళ తొట్టి. పొద్దస్తమానం నిలబడే పని. అయితే జీతం నెల తిరిగేసరికి చేతిలో పడేది. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో అదేమన్నా చిన్న సంగతా? సముద్రం ఒకరోజు పెడుతుంది, ఒకరోజు ఎండబెడుతుంది. ప్లాంటు అట్లా కాదు.

అయినా నాకా పని పడలేదు. ఆ చలి పడలేదు, ఆ నిశ్శబ్దం అసలే పడలేదు. అక్కడ నోరు తెరిస్తే సూపర్‌వైజరు అరిచేవాడు, నాకేమో మాట్లాడకపోతే ఊపిరాడదు. సాయంత్రం ఇంటికొచ్చి చంటివాణ్ణి ఎత్తుకుంటే నా చేతుల చల్లదనానికి వాడు ఉలిక్కిపడి ఏడ్చేవాడు. వాడితోపాటు నాకూ ఏడుపొచ్చేది. కన్నబిడ్డ నా చెయ్యి తగిలితే ఏడుస్తున్నాడంటే ఇంకెందుకీ సంపాదన అని ఎన్నిసార్లు అనుకున్నానో.

నాకు హాయిగా ఉండేది ఒక్క బండి మీదే. బస్సు తప్పిపోయిన రోజున నా పాత స్కూటరు వేసుకుని ప్లాంటుకు పోయేదాన్ని. రొయ్యల గుంటల మధ్య రోడ్డు మీద, ఎదురుగాలిలో, గొంతెత్తి పాడుకుంటూ పోతుంటే నన్ను ఆపేవాడు లేడు. అది చూసి నాతో పనిచేసే ఒకామె నాకూ నేర్పమని వెంటపడింది. ఆదివారాలు నేర్పాను. ఆమె నేర్చుకుని, నాకొక జాకెట్టు గుడ్డ పెట్టి, "నువ్వు తిట్టినా భయం పోయేటట్టు తిడతావు మే. నీకు ఈ తలకాయలు తీసే పనేంది?" అంది. ఆ మాట నా బుర్రలో తిష్ట వేసుకు కూర్చుంది.

వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పడవలు ఒడ్డుకు లాగి పెట్టేస్తారు. మా ఆయన ఇంటి ముందు పందిట్లో కూర్చుని చిరిగిన వలలు కుట్టుకుంటున్నాడు. నేను పోయి ఎదురుగా కూర్చుని, ప్లాంటు మానేసి బండి నేర్పే పని పెట్టుకుంటానని చెప్పేశాను. ఆయన సూది ఆపి నా మొహం చూశాడు.

"ఎవురికి నేర్పతావు?"

"ఆడోళ్ళకి."

"తిడతావు గదా మే. డబ్బులిచ్చి ఎవురన్నా తిట్టించుకుంటారా?"

"నువ్వు ఊరికినే తిట్టించుకోవడంలా?"

ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే సగం పని అయినట్టే. మిగతా సగం మా అత్త. వంటింట్లోంచి అంతా విని చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆవిడ అరిచే మనిషి కాదు, ఆ ఇంట్లో అరుపులన్నీ నావే.

"నెల జీతమంటే ఏందో నీకు తెలీదు, నాకు తెలుసు," అంది. "వీళ్ళ నాయన పోయినాక గంప మోసి వీణ్ణి పెంచినా. గంపలో చేప మిగిలిపోయిన రోజు పొయ్యి ఎట్టా వెలిగిందో ఆ దేవుడికి తెలుసు. ఇంట్లోకి వచ్చే జీతాన్ని కాలితో తంతావా?"

మా ఆయనే కల్పించుకుని, ఈ రెండు నెలలూ తాను ఇంట్లోనే ఉంటాడు గనక పిల్లల్ని చూసుకుంటానన్నాడు. అత్త అప్పుడు తీర్పు చెప్పింది. "వేట మొదలయ్యేదాకా చూస్తా. అప్పటికి నీ బడి నడిస్తే నడిచినట్టు. లేదా, పడవలు తిరిగొచ్చిన పొద్దున నోరెత్తకుండా బస్సెక్కాల. మాటేనా?"

"మాటే అత్తా," అన్నాను. ప్లాంటులో సూపర్‌వైజరు కూడా అప్పటిదాకా నా చోటు ఇంకొకరికి ఇవ్వనన్నాడు. మనిషి అరుస్తాడే గానీ మంచివాడు.

ఐసు పెట్టె థర్మోకోల్ మూత మీద 'ఆడవారికి బండి నేర్పబడును' అని రాసి తుఫాను షెల్టరు గోడకు తగిలించాను. షెల్టరు ముందు గట్టి నేల ఉంది, నేర్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. రోజులు పోతున్నా ఒక్కరూ రాలేదు. ఒక మేక వచ్చి బోర్డు మూల కొరికి పోయింది. "నీ బడిలో మొదటి పిల్ల చేరింది," అన్నాడు మా ఆయన. వలకు కట్టే బెండు తీసి ఆయన మీదకు విసిరాను.

చివరికి వచ్చింది ఎవరో తెలుసా? మా చిన్నత్త. మా అత్తకు సొంత చెల్లెలు. మనిషి ఎంత లావో నోరు అంత పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆవిడా చేపల గంప మోసే మనిషే. ముందురోజు బస్సులో కండక్టరు ఎండుచేపల వాసనని గోల చేసి సగం దారిలో దించేశాడట. "వాడి బస్సు వాడి నెత్తికి గొట్టుకోమను. నేనే బండి మింద బోతా, నేర్పు," అంటూ కొంగు నడుముకు బిగించింది. ఆవిడ వెనకే గంపలు మోసే ఇంకో ముగ్గురు వచ్చారు.

ఆ మొదటి వారం గురించి ఏం చెప్పమంటారు! తల ప్రాణం తోకకొచ్చింది. బండి కదిలించడం వచ్చింది, ఆపడం వచ్చింది. అంతా బాగున్నట్టే ఉంటుంది, ఎవరో వెనకనుంచి పిలుస్తారు. అంతే! మనబోటివాళ్ళం మెడ తిప్పి చూస్తాం. వీళ్ళు మెడ తిప్పరు. నడుము దగ్గర్నుంచి మనిషికి మనిషే గిర్రున తిరుగుతుంది. మనిషితోపాటు చేతులు, చేతులతోపాటు హ్యాండిల్, దాంతోపాటు బండి. నలుగురిదీ అదే వరస. చిన్నత్త అయితే "వదినా!" అని ఎవరో కేక వేస్తే "ఏందీ?" అంటూ తిరిగి, తిన్నగా రొయ్యల గుంట పక్కనున్న మురుక్కాలవలోకి దిగిపోయింది. నడుంలోతు నీళ్ళలో నిలబడి, పిలిచినామెతో మాట పూర్తిచేసి మరీ బయటికి వచ్చింది.

"మెడ తిప్పు చిన్నత్తా, మెడ! దేవుడు మెడ ఎందుకిచ్చినాడు?" అని అరిచాను.

"గంప మొయ్యడానికి ఇచ్చినాడు!" అని అంతకంటే గట్టిగా అరిచింది.

గట్టు మీద చంటివాణ్ణి భుజాన వేసుకుని నిలబడ్డ మా ఆయన కడుపుబ్బ నవ్వుతున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పటికే నా దగ్గర నేర్చుకుంటే కాలవలో పడతారని పాళెమంతా చెప్పుకుంటున్నారు. సాయంత్రం గొంతు పోయి, బురద బండి కడుక్కుంటూ, ఇక ఐసు నీళ్ళే నాకు గతి అనుకున్నాను. అత్త అన్నం పెట్టింది, ఏమీ అనలేదు. ఏదన్నా అంటే నాలుగు మాటలు తిరగబడేదాన్ని. అనకపోయేసరికి గుండె ఇంకా బరువెక్కింది.

మర్నాడు చిన్నత్త నుదుటి మీద బొప్పితో వచ్చింది. నాకు భయం వేసి నా హెల్మెట్ తీసి ఆవిడ తలకు తొడిగాను. అది పాతకాలపు బరువైన హెల్మెట్. ఆవిడ రెండు చేతులతో దాన్ని సర్దుకుని, కదలకుండా ఒక్క క్షణం నిలబడింది. మొహం వెలిగిపోయింది.

"అమ్మయ్య! ఇప్పుడు ఒళ్ళు నిలబడింది మే. నెత్తిన బరువు లేకపోతే ఒళ్ళు గాలికి తేలిపోతా ఉండాది."

బండెక్కింది. వెన్ను నిటారుగా, చూపు ముందుకు, గీత గీసినట్టు పోయింది. పరీక్షిద్దామని నేనే పోయిన గొంతుతో "చిన్నత్తా!" అని పిలిచాను. తిరగలేదు. మెల్లగా బండి ఆపింది, రెండు కాళ్ళూ నేలకు ఆనించింది, అప్పుడు నింపాదిగా తిరిగి "ఏంది?" అంది.

నాకు అప్పుడు తట్టింది. పదేళ్ళ వయసు నుంచీ గంప మోసిన తలలవి. గంప ఉంటే ఆగి తిరుగుతారు, లేకపోతే చేపలు నేలపాలు. నడుస్తూ నడుస్తూ పక్కకు చూడాలంటే కళ్ళే తిప్పుతారు గానీ మెడ తిప్పరు. బండి అద్దంలో చూడటానికి కావలసింది అదే గదా! గంప దిగిన మరుక్షణం మాత్రం ఆ జాగ్రత్తంతా పోతుంది. పరుగెత్తుకెళ్ళి పాళెంలో ఇంకో మూడు హెల్మెట్లు, మూడు బండ్లు అడిగి తెచ్చాను. ఆ సాయంత్రానికల్లా నలుగురూ షెల్టరు చుట్టూ అమ్మవారి ఊరేగింపులా వరసగా తిరుగుతున్నారు. నేను చప్పట్లు కొట్టి గెంతాను. నన్ను చూసి మా పాప గెంతింది.

ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక రోడ్డు మీద నేర్పాను. ఆ తర్వాత లైసెన్సు కూడా తీసుకుని, చిన్నత్త పాత బండి ఒకటి కొనుక్కుని, ఎండు నెత్తళ్ళ చేపల సంచి దానికి కట్టుకుని ఊళ్ళ మీదకు బయలుదేరింది. ఎండలో కూడా హెల్మెట్ తియ్యదు, బేరం కూడా అది పెట్టుకునే చేస్తుంది. ప్రతి గుమ్మం ముందూ "మా కోడలు నేర్పింది. తిడతాది, ఓర్చుకోవాల," అని చెప్పుకుంటూ పోయింది. ఆ ఊళ్ళనుంచి ఒకరిద్దరుగా రావడం మొదలైంది. బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ ఒకామె, కూతురు తోడు రాగా రైతు ఇంటావిడ ఒకామె. వాళ్ళ చేత కూడా ముందు నెత్తిన నీళ్ళ బిందె పెట్టించి నడిపించాను. నా బడిలో మరి అదే అఆలు.

అంతా సంబరంగానే ఉంది. కానీ వేట గడువు దగ్గర పడేకొద్దీ నా లోపల గుబులు. వచ్చేవాళ్ళు వస్తున్నారు, నిజమే, కానీ జీతంలా లెక్కగా రావడం లేదు. దీన్ని నడిచినట్టు అనుకోవాలో లేదో తేల్చాల్సింది అత్త. ఆవిడేమో పెదవి విప్పడం లేదు. ఎవరిమీదైనా ఎగిరిపడే నాకు, ఆవిడను అడగడానికి ధైర్యం చాలలేదు.

పడవలు వేటకు పోయాయి. తెల్లవారగానే తిరిగొచ్చాయి. ఒడ్డంతా కేకలు, వెండిలా మెరిసే చేపలు, కాకుల గోల. నేను పోలేదు. జడ వేసుకుని, క్యారియరు కట్టుకుని, పిల్లల్ని పక్కింట్లో అప్పజెప్పి, రోడ్డు మీద ప్లాంటు బస్సు కోసం నిలబడ్డాను. బడి నడిచిందని అత్త అనలేదు. మాటంటే మాటే.

బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద కాలు పెట్టబోతుంటే వెనక హారన్ మోగింది. చిన్నత్త బండి. వెనక సీటు మీద మా అత్త. నిండు చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకోకుండా నెత్తినే ఉంచుకుని, ఒక చేత్తో గంప అంచు, ఒక చేత్తో చెల్లెలి భుజం పట్టుకుని, బొమ్మలా కదలకుండా కూర్చుని ఉంది. బస్సులో ఆడవాళ్ళంతా కిటికీల్లోంచి ఈలలు, నవ్వులు. బండి ఆగింది. అత్త దిగి, నేరుగా వచ్చి బస్సు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"మా కోడలు రాదు, పోనీ బస్సు," అంది డ్రైవరుతో.

"రాదా? ఎందుకని?"

"ఆమెకి పనుండాది."

బస్సు కదిలిపోయింది. నేను క్యారియరు పట్టుకుని నడిరోడ్డు మీద భోరుమన్నాను. అత్త నన్ను కాసేపు ఏడవనిచ్చింది.

"ఊరు చివరిదాకా దీని వెనకమాల కూచుని వచ్చినా," అంది చివరికి, చెల్లెల్ని చూపిస్తూ. "దారి పొడుగూతా ఒకటే గొప్పలు. నేను మోసి పెంచిన పిల్ల ఇది, నన్ను ఎనక కూచోబెట్టుకుంటాదా? నాకూ నేర్పు, ఎండెక్కకముందే మొదలుబెట్టాల. బండి యాడ?"

షెల్టరు వైపు చెయ్యి చూపించాను. ఆవిడ గంప నా నెత్తికెత్తి, గబగబా పోయి నా స్కూటరెక్కి హ్యాండిల్ పట్టుకుంది. తర్వాత కొంచెం ముందుకు జరిగి, నన్ను వెనక కూర్చోమంది.