కల్లంలో తీతువు

మా ఆవిడ జ్యోతిర్మయికి పిట్టల పిచ్చి. ఈ మాట నేనంటే ముద్దు, ఊళ్ళోవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. దర్శి దగ్గర మా మిరప చేలగట్ల మీద టెలిస్కోపు నిలబెట్టి, దాని వెనక చిన్న కెమెరా తగిలించి ఫొటోలు తీస్తుంది. రెండూ కదలకుండా పట్టి ఉంచే అమరిక బజారులో దొరక్కపోతే, పైపు ముక్క కోసి, లోపల సైకిలు ట్యూబు అతికించి తనే చేసుకుంది. బటన్ నొక్కే వేలికి కూడా బొమ్మ అదురుతుందట. అందుకని టైమరు పెట్టి చెయ్యి తీసేస్తుంది. ఫొటో పడేదాకా ఊపిరి బిగబడుతుంది.

"మీ ఆవిడ ఆ గొట్టంలోంచి ఏం చూస్తదిరా పొద్దస్తమానం?" అని పక్క చేను పేరయ్య వెక్కిరించాడొకసారి.

"నీకు కనపడనియ్యన్నీ చూస్తదిరా," అన్నాను.

మొన్న వేసవిలో నాకు గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. గుంటూరు వెళ్ళాల్సిన వారమే, మిరపకాయలు ఆరబోసిన మా కల్లం మూల తీతువు గుడ్లు పెట్టింది. గూడూ లేదు పాడూ లేదు, ఉత్త నేల మీదే. ఎవరు అటు అడుగేసినా అరిచి గోల చేస్తుంది. తీతువు అరిచిన ఇంట్లో మనిషి పోతాడని మావైపు నమ్మకం. నాన్న పోయే ముందు కూడా అరిచిందని మా అమ్మ వెంకటరావమ్మ ఇప్పటికీ చెబుతుంది.

"ఆ గుడ్లు తీయించి చేను అవతల పారేయించు. ఆపరేషన్‌కి పోయే మనిషున్న ఇల్లు," అంది నాతో. ఆమెది ఉత్త చాదస్తమని కొట్టిపారేయలేకపోయాను. భయంతో తిండి కూడా మానేసింది.

జ్యోతి వాదించలేదు. "ఒక్కరోజు ఆగండత్తయ్యా," అంది.

మర్నాడు ఉదయం తీసిన ఫొటోల్లో పిట్ట ఊరికే కూర్చుని ఉంది. ఎండ ముదిరాక అది మాటిమాటికీ ఎటో వెళ్ళి వస్తోంది, ఎందుకో పట్టుకోవాలంది జ్యోతి. ఆ వేళకి నేల సెగలు కక్కి, టెలిస్కోపులో పిట్ట నీళ్ళలో నీడలా ఊగుతుంది. అందుకని ట్రాక్టరు ట్రక్కుని కాస్త దగ్గరగా పెట్టించి, చుట్టూ గోనెపట్టాలు కట్టి, ఎత్తున కూర్చుంది. మిరప ఘాటుకి తుమ్ము వస్తే కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నీడన కూర్చుని తిట్టుకుంటూనే ఉన్నాను. దిగి రమ్మంటే వస్తుందా?

చివరికి దిగొచ్చి కెమెరా అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ కళ్ళజోడు సర్దుకుంది. మొదటి ఫొటోలో తీతువు బోరు దగ్గర నిలిచిన నీళ్ళలో పొట్ట తడుపుకుంటోంది. తర్వాతి దాంట్లో గుడ్ల మీద నీడపట్టి నిలబడింది. పొట్ట ఈకల్లోంచి బొట్లు జారుతూ, ఒక్కోటీ విడివిడిగా మెరుస్తోంది.

"గుడ్లు ఉడికిపోకుండా తడుపుతోందత్తయ్యా," అంది జ్యోతి.

"మరి అరుస్తదెందుకే?"

"మనం తొక్కుతామని."

అమ్మ మళ్ళీ మొదటి ఫొటో చూపించమంది. డాక్టరు నన్ను ఉద్రేకపడొద్దన్నాడు గానీ, ఆ బొమ్మ తీసింది నా పెళ్ళామని నాకు పట్టలేనంత గర్వం వేసింది.

కాయలు ఎత్తడానికి వచ్చిన వీరమ్మ పట్టా భుజాన వేసుకుని ఆ మూలకే నడిచింది. తీతువు లేచి గోల పెట్టింది. అమ్మ దానికంటే గట్టిగా కేకేసింది.

"అటు పోబాక వీరమ్మా. నెలలు నిండిన మనిషుంది ఆడ."