మూత తీసింది నేనే

మా ఇంటికి ఎవరొచ్చినా, కాఫీ గ్లాసు చేతికిచ్చీ ఇవ్వకముందే మా ఆవిడ సుగుణ నా మోటార్ సైకిల్ కథ ఎత్తుకుంటుంది. వినీ వినీ నాకు ఓపిక నశించింది. నవ్వాల్సిన చోట అందరితో పాటు నేనూ నవ్వాలి, అదింకో చాకిరీ. పైగా ఆమెకు తెలిసింది సగమే. మా పెళ్లి ఆగిపోయేంత ఘోరం ఆ రోజు అసలెలా జరిగిందో, ఆ మిగతా సగం ఇవాళ మీకు చెబుతాను. కాస్త సర్దుకుని కూర్చోండి.

ఎనభైల మొదట్లో నాకు చిత్తూరులో ఉద్యోగం. యుద్ధకాలం నాటి మిలిటరీ మోటార్ సైకిల్ ఒకటి పాతది కొన్నాను. దానిది పొడి క్లచ్. అంటే లోపలి బిళ్లలు నూనె తడి లేకుండా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే ఇంజను బలం చక్రానికి అందుతుంది. అందుకే దానికొక గట్టి రేకు మూత. ఆ మూతతో బుద్ధిగా తిరిగి ఉంటే ఈ కథే లేదు. కానీ ఒకసారి తిరుపతి పోయినప్పుడు ఎవరో కుర్రాడి బండి చూశాను. క్లచ్ మూతకు పెద్ద పెద్ద కిటికీలు కోయించాడు. వాడు క్లచ్ నొక్కినప్పుడల్లా లోపలి బిళ్లలు గలగలమంటుంటే బజారు బజారంతా తిరిగి చూసింది. నన్ను చూసి అంతవరకూ ఎవరూ తిరగలేదు. చిత్తూరుకు వచ్చాక నాకు అన్నం సయించలేదు.

మెకానిక్ మస్తాన్ దగ్గరికి పోయాను.

"మూసిందే ఉండనీ అప్పా. దుమ్ము పడదు, నూనె పడదు" అన్నాడు.

"తెరిసిందైతే?"

"సోకుగా ఉంటాది."

"ఇంకేమన్నా లాభం ఉండాదా?"

"సోకుగా ఉంటాదని సెప్తాండా గదప్పా!"

సోకే గెలిచింది. మూత నేనే ఊడదీసి మస్తాన్ చేతికిచ్చాను, సాయంత్రానికల్లా దానికీ కిటికీలొచ్చాయి.

ఇక మా మేనమామ గోవిందస్వామి. నగరిలో మరమగ్గాలు నడిపేవాడు. కూతురు సుగుణను నాకివ్వాలా, తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం చేసే ఇంకో పిల్లాడికివ్వాలా అని తేల్చుకోలేక నలుగుతున్నాడు. నాకైతే సుగుణ తప్ప వేరే ఊహే లేదు. ఒక రోజు పొద్దున్నే మామ సంచి తగిలించుకుని మా ఇంట్లో దిగాడు.

"కాణిపాకం పోదాం పా అబ్బోడా. స్వామి ముందర నా మాట సెప్పేస్తా. నీ బండి మీదనే పోదాం. నువ్వెట్ల తోలుతావో అదీ సూస్తా."

కాణిపాకం వినాయకుడి ముందు ఇచ్చిన మాటను ఎవరూ వెనక్కి తీసుకోరు. అబద్ధమైతే అసలే ఆడరు. మా జిల్లాలో కోర్టులో తెగని తగాదాలు కూడా అక్కడ ఒక్క ప్రమాణంతో తెగిపోతాయి. ధైర్యంగా బండి స్టార్ట్ చేసి, క్లచ్ నొక్కి గలగల వినిపించాను.

"ఏంది ఈ అరుపు?" అన్నాడు మామ.

"అదే దాని అందం మామా."

"అందమా? మా మగ్గం ఇట్ల అరిస్తే నాకు ముద్ద దిగదు."

నేను నవ్వేసి, బండి ఆపి, స్నానానికి పోయాను. ఆ స్నానం మానేసి ఉంటే బాగుండేది.

ఊరు దాటేదాకా బండి ఎలాగో పాకింది. మొదటి ఎత్తు రాగానే ఇంజను పెద్దగా ఏడవడం మొదలుపెట్టింది, చక్రం మాత్రం నిలబడిపోయింది.

"గట్టిగా తిప్పప్పా!"

"తిప్పుతానే ఉండా మామా."

"సప్పుడొస్తాండాది. బండి రాలేదే?"

పక్కనుంచి బెల్లం వేసుకుని ఒక ఎద్దుల బండి మమ్మల్ని తీరిగ్గా దాటింది. దాన్ని తోలే పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏమబ్బా, ఆడనే నిలబడి అంతగా అరిపిస్తాండారు, ఎవరినన్నా పిలస్తాండారా?" అన్నాడు.

మామ దిగి తోయడం మొదలుపెట్టాడు. తెల్లటి పంచె. తోస్తూ, ఆయాసపడుతూ ఒక మాటన్నాడు.

"ఇదేం బండి అబ్బోడా! నువ్వు నీళ్లు పోసుకునేటప్పుడు, సంచిలో ఉండే మగ్గం నూనె డబ్బా తీసి ఆ కిటికీల్లో నిండా పోసినా గదా! ఒక్క సుక్క మిగల్సలా. గలగల కూడా నిలిసిపోయింది. అంత సేసినా కదలదా?"

వంగి చూశాను. కిటికీల్లోంచి నూనె ధారగా కారుతోంది. బిళ్లలు నూనెలో హాయిగా జారిపోతున్నాయి. చెబుదామని నోరు తెరిచాను. ఎదురుగా మామ ముఖం. ఆ ముఖంలో సుగుణ కనిపించింది, ఆమె వెనకాలే బ్యాంకు పిల్లాడు కనిపించాడు. నోరు మూసుకున్నాను.

చివరికి ఆ బెల్లం బండాయనే జాలిపడి ఆగాడు. బెల్లం మీద మేము, మా వెనక తాడుకట్టిన మోటార్ సైకిల్. అలా చేరాం కాణిపాకం. మామ పంచె సగం నల్లబడింది. గుళ్లో దండం పెట్టుకున్నాక ఆయన నా వైపు తిరిగాడు.

"స్వామి ముందర సత్యంగా సెప్పు. బండి సరిగ్గా సూసుకోలేనోడు నా పిల్లను ఎట్ల సూసుకుంటాడు? అది ఎందుకు నిలిసిపోయిండాది? ఎవరిది తప్పు?"

నిజం చెబితే మామకు కోపం, పిల్ల పోతుంది. అబద్ధం చెబితే దేవుడికి కోపం, నేనే పోతాను. స్వామినే చూస్తూ అన్నాను.

"మూత తీసింది నేనే మామా. తియ్యకుండా ఉంటే నిలిసేదే గాదు. తప్పు నాది."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మీరే చూసుకోండి.

మామ కళ్లు తుడుచుకున్నాడు. "తప్పు ఒప్పుకునే మగోడు ఈ రోజుల్లో యాడుండాడు? స్వామీ, సుగుణ వీడికే" అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. దేనికని అడగొద్దు, సంతోషమూ ఉంది, క్లచ్ బిళ్లలూ ఉన్నాయి.

పెళ్లిలో మామ నాకు ప్రత్యేకంగా ఒక కానుక ఇచ్చాడు. మెరిసిపోయే కొత్త నూనె డబ్బా. "ఈసారి ఇంకొంచెం ఎక్కువ పొయ్యి అబ్బోడా" అన్నాడు. అలాగే మామా అన్నాను. ఆయన కన్నుమూసేదాకా ఇంకేమీ అనలేదు.

అందుచేత ఆ కాణిపాకం స్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మూసి ఉన్నదాన్ని సోకు కోసం ఇక తెరవను. జన్మలో రెండు మూతలు తీశాను. ఒకటి క్లచ్‌ది, రెండోది ఇవాళ మీ ముందు తీసిన నా నోటిది. ఇది సుగుణ చదివితే మూడోది తీయడానికి నేనుండను.