ఇద్దరి నీళ్లు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో అద్దె ఇల్లు దొరకడమే గగనం. గుమాస్తాగా నాకు దొరికిన ఇంట్లో మురుగు పోయే దారి లేదు. స్నానాల నీళ్లు నేరుగా సందులోకి పారేవి. నా భార్యది బద్వేలు దగ్గర పల్లె. పుట్టింటి పెరట్లో ఉన్నట్టే ఇక్కడా మోకాలిలోతు గుంత తవ్వి, అడుగున బంకమన్ను మెత్తి, కంకర, ఇసుక పోసి, కాలువ గట్టునుంచి జమ్ము తెచ్చి నాటింది. స్నానాల బండ మీది నీళ్లు ఆ వేళ్లలోంచి మెల్లగా నడిచి, తేటగా నిమ్మచెట్టుకు చేరేవి. వాసన ఉండేది కాదు.

నాకు మాత్రం ఆ జమ్మంటే మంట. దోమలు పుడతాయని రోజూ సణిగేవాణ్ణి.

"ఈడ నీళ్లు పైకి యాడ కనపడతాండాయి, దోమలు పుట్టేదానికి? మీ ఆఫీసు కాగితాలు మీరు చూసుకోండి" అనేది.

విషజ్వరం ఆమెను ఐదు రోజుల్లో తీసుకుపోయింది. మైల తీరే రోజున ఇల్లంతా కడిగి, పాతవి పారేయడం మాలో ఆచారం. బంధువులు చూస్తుండగా కొడవలి పట్టి జమ్మంతా కోశాను. వేళ్లు పెకలించి, నల్లబడిన కంకర కూడా ఎత్తిపోశాను. ఆ నలుపే మైల అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. సాయంత్రానికల్లా మురుగు సందులోకి దిగింది.

ఎదురింటి ముసలమ్మ వచ్చి, "ఏమప్పా, ఆయమ్మ ఉన్నన్నాళ్లు ఒక్క చుక్క బయటికి రాలేదే. ఎంత పని చేస్తివి!" అంది. పదకొండు రోజులుగా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

బంధువులు వెళ్లిపోయాక, గుర్తున్నంత మేరకు ఆమె చేసినట్టే చేసి మళ్లీ జమ్ము నాటాను. నాలుగు ఆకులు వేసి పసుపుబారింది. నిమ్మచెట్టు పూత రాల్చేసింది. ఆమె చేత్తో పెంచినవాటిలో మిగిలింది ఆ చెట్టొక్కటే. అదీ పోతుందేమోనని భయమేసి ముసలమ్మను పిలిచాను. ఆమె ఇసుకలో వేలు గుచ్చి చూసింది.

"నాటింది బాగానే ఉండాదప్పా. ఇద్దరి నీళ్లకు తవ్విన గుంత ఇది. ఒక్కడి నీళ్లు యాడ చాలుతాయి?"

మరునాటి నుంచి బావిలో రెండు బిందెలు ఎక్కువ తోడాను. నా స్నానం అయ్యాక, బండ మీద ఆమె కూర్చునే చోట వాటిని మెల్లగా కుమ్మరించేవాణ్ణి. జమ్ము నిలిచింది, నిమ్మ మళ్లీ పూసింది. ఆఫీసులతో పాటు నేనూ హైదరాబాదుకు కదిలిన రోజు వరకు ఆ ఇంట్లో ఆమె స్నానం ఒక్క పూటా తప్పలేదు.