పుస్తకాల తనిఖీ

మా తాతల కాలంలో ఉస్మాన్‌గంజ్‌లో సగం గోదాములు మావే. నా కాలానికి మిగిలింది ఇంటి పేరు, నిటారుగా నిలబడే అలవాటు. ఆ రెండింటితోనే గౌలిపుర సర్కారు బడిలో చేరాను.

శనివారం తెలుగు టీచర్ బీరువా తెరిచి కథల పుస్తకాలిచ్చేది. పిల్లలు వరుసలో నిలబడి తీసుకునేవారు. నాకూ నోరూరేది. కానీ ఒకరిని అడిగి తెచ్చుకోవడం మా ఇంటావంటా లేదు.

"నీకొద్దారా?" అంది టీచర్.

"మాది ఇచ్చే ఇల్లు టీచర్, తీసుకునేది కాదు."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "గట్లనా నవాబ్ సాబ్! అయితే నాకో సాయం చెయ్యి. ఈ పుస్తకాలు పిల్లలకు ఇయ్యొచ్చో లేదో పెద్దింటోళ్లు చూడాలె. చదివి నీ ఫైసలా రాసియ్యి."

సాయం అడిగితే మావాళ్లు కాదనరు. ఒక రాజు కథకు "ఈయనకు దర్బారు నడపడం రాదు" అని తీర్పు రాశాను. దయ్యం కథకు "భయపడలేదు, కానీ మళ్లీ చదవను" అని రాశాను. ప్రతి ఫైసలా కింద ఆమె ఎర్ర సిరాతో "ఎందుకు?" అని రాసేది. జవాబులతో పేజీలు నిండేవి. ఇవాళ నేను పుస్తకాలు రాస్తున్నానంటే ఆ ప్రశ్న పుణ్యమే.

ఒక శనివారం ఆమె నాకేమీ ఇవ్వలేదు. "తనిఖీ అయిపోయింది, శుక్రియా" అంది.

అప్పటికి నేను చదివిన ఒక దొంగ కథ మొదటి భాగం చివర, ఆ దొంగ బావిలో వేలాడుతున్నాడు. తాతలను మనసులోనే క్షమాపణ అడిగి, "రెండో భాగం ఇయ్యండి టీచర్" అన్నాను.

"ఇస్త. ముందుగాల పోయి లైన్ల నిలబడు."

నా వంతు వచ్చేలోగా ఆ పుస్తకం ఇంకెవరూ అడగకూడదని మొక్కుకుంటూ, అందరి వెనక నిలబడ్డాను.