‘నివాసాలు లేవు’ అని నేను రాసిన ఊరు

కోనసీమ జిల్లా కొత్తగా ఏర్పడిన ఏడాది, ఆగస్టు మొదటి వారంలో నన్ను రాజోలు వైపు ఒక నది ఒడ్డు మండలానికి డిప్యూటీ తహశీల్దారుగా వేశారు. తహశీల్దారు తర్వాతి కుర్చీ నాది. సంతకం ఆయనది, తిరుగుడు నాది. రిటైర్‌మెంటుకి ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ కాగితాల మధ్య ప్రశాంతంగా గడిచిపోతాయనుకున్నాను.

చేరిన మూడో రోజే కలెక్టరేటు నుంచి ఒక ఫారం వచ్చింది. కొత్త జిల్లాకు గ్రామాల జాబితా తయారవుతోంది. ప్రతి రెవెన్యూ గ్రామానికీ హద్దులు, విస్తీర్ణం, నివాసాలు ఉన్నాయా లేవా, స్వయంగా చూసి రాయాలి. మా మండలానికి పడమటి హద్దు గోదావరి పాయ వశిష్ఠ. అవతల వేరే జిల్లా. గోదావరి ఒక ఒడ్డును కోసుకుపోయి ఎదుటి ఒడ్డున మేట వేస్తుంది. సర్వే పటం మాత్రం ఇంగ్లీషువాళ్ల కాలంలో గీసినచోటే ఉంటుంది. ఈ మాట సర్వీసు కొత్తలోనే విన్నాను గానీ, దాని అర్థం అప్పటిదాకా నాకు తెలియలేదు.

నల్లమేట అనే లంక గ్రామం చూడ్డానికి మండల సర్వేయరు రమణారావుతో పడవెక్కాను. అతను ఒళ్లో పటం పరుచుకుని, దారి చెబుతూ, ఒకచోట ఆపమన్నాడు. చుట్టూ నీళ్లే. పటం ప్రకారం మనమిప్పుడు ఊరి నడిమధ్యన ఉన్నామన్నాడు. వేళాకోళమాడుతున్నాడేమో అనుకున్నాను. పడవ నడిపే ఏసుబాబు మాత్రం తలూపి, “ఆయ్, నిజమేనండి. మా తాతగారిల్లు ఇక్కడే ఉండేదండి,” అన్నాడు. మరి ఊరేదయ్యా అంటే అవతలి ఒడ్డు చూపించాడు.

అక్కడ నలభై ఇళ్లున్నాయి. నల్లమేట అని బోర్డూ ఉంది. నది కోత దగ్గరికొచ్చినప్పుడల్లా ఇళ్లు విప్పుకుని వెనక్కి జరిగేవారట. జరగడానికి ఇక చోటు లేకపోయేసరికి, ఎదురుగా పడ్డ మేట మీదికి దాటేశారు. ద్వారబంధాలు, తలుపులు పడవల మీద తెచ్చుకున్నారు. పాత ఊళ్లో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో ఆ వరసలోనే మళ్లీ కట్టుకున్నారు. తలుపు మీద పంచాయతీ వేసిన నంబరు కూడా తలుపుతోపాటే వచ్చింది. ఓటూ రేషనూ మా మండలంలో, కాళ్ల కింద నేల పక్క జిల్లాలో. నాకు బుర్ర తిరిగిపోయింది. ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ పట్టలేదా అని రమణారావుని అడిగితే, ఇన్నాళ్లూ ఎవరూ ఫారం పంపలేదండి అన్నాడు.

ఆ ఊరి అంగన్‌వాడీలో పదకొండేళ్లుగా ఆయాగా చేస్తున్న సునీత మమ్మల్ని తన ఇంట్లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. కార్యకర్త పోస్టు ఖాళీ అయింది. ఊళ్లో నివాసముండే ఆవిడకే ఇస్తారు. నివాస ధ్రువపత్రం కావాలి. అవతలి మండలంవాళ్లు మీ ఊరు మా జాబితాలో లేదని తిప్పి పంపేశారట. “మీరైనా రాసివ్వండి సార్. పిల్లల్ని చూసేది నేనేనండి,” అంది. చూస్తానమ్మా అన్నాను. నిజంగానే చూద్దామనుకున్నాను.

ఆఫీసుకొచ్చి నిబంధనలు తిరగేశాను. ఇల్లు ఏ నేల మీదుంటే ధ్రువపత్రం ఆ మండలానిది. అవతలి డిప్యూటీ తహశీల్దారుకి ఫోను చేస్తే, ముందు మీ గ్రామం సంగతి మీరు తేల్చండి, మనుషుల సంగతి మేం చూసుకుంటాం అన్నారు. ఆ మాటతో నా నెత్తి మీది బరువు దిగినట్టయింది. నల్లమేట సర్వే నంబర్లన్నీ నీళ్లలో ఉన్నాయి కాబట్టి ‘నివాసాలు: లేవు’ అని రాశాను. తహశీల్దారు గారు సంతకం పెట్టేశారు.

రెండు నెలల తర్వాత సునీత మా ఆఫీసుకొచ్చింది. అంగన్‌వాడీల జాబితాని మా జాబితాతో సరిచూశారట. మనుషులు లేని ఊరికి కేంద్రమెందుకని ఎత్తేసి, ఇవతలి ఒడ్డున ఇంకో ఊరి కేంద్రంలో కలిపేశారు. కార్యకర్త పోస్టు అక్కడావిడకి వెళ్లిపోయింది. సునీత మళ్లీ ఆయానే. రోజూ పిల్లల్ని పడవెక్కించుకుని నది దాటుతోంది. నేను పటం తీసి ఏదో చెప్పబోయాను. “ఆ రోజు మా ఇంట్లో కూర్చుని మంచినీళ్లు తాగేరు కదండీ,” అంది. “మరి మేం లేమని ఎలా రాసేరండీ?”

నాకు సిగ్గేసింది. అవతలి ఆఫీసుకి మళ్లీ ఫోను చేశాను. మీరు మనుషుల్ని బదలాయిస్తే కదా మేం చూసేది అన్నారు. నేను సవరణ నివేదిక పంపాను. నేను రిటైరయ్యే నాటికి అది రెండు కలెక్టరేట్ల మధ్య తిరుగుతూనే ఉంది. తప్పెక్కడ జరిగిందో నాకిప్పటికీ పూర్తిగా అంతుపట్టదు. నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకి చెప్పగలిగింది ఒక్కటే. అడిగినదానికి జవాబు రాసినంత మాత్రాన నివేదిక పూర్తికాదు. కంటితో చూసింది ఏ గడిలోనూ పట్టకపోతే, ‘ఇతర విషయాలు’ అన్నచోట రాయాలి. ఆ ఫారంలో అందుకు సగం పేజీ వదిలారు. తర్వాత ఎవరూ ఏమీ చేర్చకుండా, ఆఫీసు పద్ధతి ప్రకారం, నేనే అక్కడ అడ్డగీత కొట్టి పంపాను.