మెట్ల కింద ఓనరు

గాజువాకలో మేము అద్దెకున్న మూడంతస్తుల ఇంటి ఓనరు మెట్ల కింద గదిలో ఉండేవారు. మంచి పోర్షన్లన్నీ అద్దెకిచ్చేయగా ఆయనకు మిగిలింది అదే. మొలతాడుకు తాళాల గుత్తి వేలాడేది. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని తడుముకుంటూనే ఉండేవారు.

ఒకసారి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సబ్బవరంలో చెల్లెలింటికి బయలుదేరారు. బస్టాపులో ఉండగానే ట్యాంకులో నీళ్లు లేవని పైవాళ్లు ఫోన్ చేశారు. ఇదివరకు ఎవరికో మోటారు గది తాళమిస్తే మోటారు కాల్చేశారట, అప్పట్నుంచి ఆ తాళం ఇంకెవరికీ ఇవ్వరు. చొక్కా మడత నలక్కముందే తిరిగొచ్చి మోటారు వేశారు. జాలిపడాలో, విసుక్కోవాలో నాకు తెలియలేదు.

మేము ఖాళీ చేసిన రోజు తాళం చేతిలో పెడితే, గుత్తికి తగిలించుకుంటూ అన్నారు.

"మీకేటి బాబూ, తాళం నాకిచ్చేసి ఎల్లిపోతన్నారు. నాను ఎవులికిచ్చి ఎల్లాల?"