చివరి పాఠానికి ఊఁ

సాయంత్రం ఆరు ఇరవైకి మా నాన్న సాంచాలు ఆపాడు. అది రోజూ జరిగేదే. సిరిసిల్లలో మా ఇంటి ముందుగదిలో నాలుగు మరమగ్గాలు ఉంటాయి. వాటినే మేం సాంచాలంటాం. ఆరున్నరకు తమ్ముడు మహేందర్ ఫోన్ చేసేవాడు. ఆ చప్పుడులో మాట వినపడదని నాన్న కాస్త ముందుగానే మోటార్లు కట్టేసేవాడు. ఇక ఆ ఫోన్ రాదని మా ఇద్దరికీ తెలుసు. మహేందర్ పోయి నెల దాటింది.

దయ్యాల కథలంటే నాకు నవ్వే తప్ప భయం ఎప్పుడూ లేదు. మా వీధిలో ఎవరికి గాలి సోకిందన్నా డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మనేదాన్ని. ఇప్పుడైనా నా అభిప్రాయం మారిందని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మహేందర్ ఇంటర్ కాగానే సైన్యంలో చేరాడు. డిగ్రీ అక్కడ ఉద్యోగం చేస్తూనే పూర్తి చేశాడు. తర్వాత దూరవిద్యలో ఎం.ఏ. చరిత్రకు కట్టాడు. సర్వీసు అయిపోయాక జగిత్యాలలో లెక్చరర్ కావాలని వాడి కోరిక. పరీక్షలు కూడా సెలవు పెట్టి వచ్చి జగిత్యాలలోనే రాసేవాడు. డ్యూటీ వేసిన చోటికల్లా పుస్తకాలు మోసుకుపోవడం కుదరక నా దగ్గరే ఉంచాడు. సాయంత్రం పూట నేను ఫోన్లో చదివేదాన్ని. వాడు బూట్లకు పాలిష్ పెట్టుకుంటూ వినేవాడు.

"నా పక్క మంచమాయన గూడ ఇంటడు అక్కా," అన్నాడొకసారి. "తెలుగు రాదు గని, నీ పాఠానికి మంచిగ నిద్ర పడుతదట."

లైను తెగలేదని నాకు తెలియడానికి ప్రతి పేరా చివర ఊఁ కొట్టేవాడు. అది చిన్నప్పటి అలవాటు. మా అమ్మ తొందరగా పోయింది. వాడికి రాత్రిళ్లు కథలు చెప్పింది నేనే. ఊఁ ఆగిందంటే నిద్రపోయాడని నేనూ కథ ఆపేసేదాన్ని.

చివరిసారి మాట్లాడినప్పుడు, "ఇంకొక్క పాఠమే ఉన్నదక్కా. అది ముగించినంకనే ఇంటికొస్త," అన్నాడు. ఆ వారంలోనే కొండదారిలో వాళ్ల బండి బోల్తా పడింది.

ఆ ఒక్క పాఠం చదవకుండా పుస్తకాన్ని అటక మీద పెట్టడం నాకు చేతకాలేదు. నాన్నకు సాంచాలు ఆపడం మానడం చేతకాలేదు. రోజూ ఆపి, కాసేపు ఊరికే కూర్చుని, మళ్లీ నడిపేవాడు. ఆ సాయంత్రం పుస్తకం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

మాకు తోడుగా ఉండడానికి కోరుట్ల నుంచి వచ్చిన చిన్నమ్మ వంటగదిలోంచి చూసింది. "పోయినోనికి పరీక్షలేందే? పిచ్చి గిట్ల లేసిందా?"

"చదువనియ్యి," అన్నాడు నాన్న. "సాంచా ఎప్పుడన్న నడుస్తది. చదువు బిడ్డా."

పక్క ఇళ్ల సాంచాలు గోడల అవతల మోగుతూనే ఉన్నాయి. మొదటి పేరా అయింది. ఊఁ వినిపించింది. నాన్న అనుకున్నాను. తలెత్తకుండా చదువుతూ పోయాను. పేరా అయినప్పుడల్లా వినిపిస్తూనే ఉంది. నోరు మూసుకుని చేసే చిన్న శబ్దం, ఎవరి గొంతో పోల్చడానికి వీలుండదు.

సగం పాఠం అయ్యాక ఒకచోట ఊఁ రాలేదు. అలవాటు కొద్దీ ఆగాను. వేలితో తడిమితే రెండు కాగితాలు అంటుకుని ఉన్నాయి. పాతకాలంలో మగ్గాల మీద పన్ను వేసిన సంగతి ఆ పేజీల్లో ఉంది. అది దాటేసి చదివానన్నమాట. వెనక్కి వెళ్లి చదివాను. ఊఁ వచ్చింది.

అప్పుడు నాన్న వైపు చూశాను. "పేజీ తప్పిందని నీకెట్ల ఎరుకయింది నాన్నా?"

"నాకేం ఎరుక? ఆ ఊఁ నువ్వే అంటున్నవనుకున్న."

గడప మీద కూర్చోవద్దని మమ్మల్ని చిన్నప్పటి నుంచీ తిట్టిన చిన్నమ్మ వచ్చి గడప మీదే కూర్చుంది. తర్వాత అడిగితే, తానేమీ వినలేదంది.

మిగిలింది చదివాను. మధ్యలో ఆపే ధైర్యం లేకపోయింది. చివరి వాక్యం అయింది. ఊఁ రాలేదు. మళ్లీ ఏ పేజీ అయినా తప్పానేమోనని చూశాను. అట్ట తప్ప ఏమీ మిగల్లేదు. ఆ వాక్యమే ఇంకోసారి చదివాను. రాలేదు.

"పండుకున్నట్టున్నడు," అన్నాడు నాన్న.

లేచి మోటార్లు వేశాడు.

దుఃఖంలో ఉన్న మనిషి చెవి తనకు కావలసింది వింటుందని నేనూ చదివాను. కాదనను. కానీ మా ఇద్దరికీ ఒకేచోట వినిపించి, ఒకేచోట ఎలా ఆగింది? అంటుకున్న కాగితాల సంగతి నాకే తెలియనప్పుడు ఇంకెవరికి తెలుసు?

ఇప్పుడు మా ఇంట్లో ఆరు ఇరవైకి సాంచాలు ఆపడం లేదు.